రాజవ్వ పేరు మీద వచ్చిన రక్తం

కామారెడ్డి వెళ్తున్నానంటే మా ల్యాబులో ఇద్దరు నవ్వారు. "ఒక్క శాంపిల్ కోసం మీరు వెళ్లడమేంటండీ? లెక్కలోంచి తీసేస్తే పోతుంది" అన్నారు. ఒక్క శాంపిల్ కోసమే వెళ్లాను. వెళ్లి వచ్చాను కూడా. మీలో చాలామంది ఆ దారిన వెళ్లి ఉండరు కాబట్టి అక్కడ ఏం చూశానో, ఏం తిన్నానో, ఎవరితో పోట్లాడానో చెబుతాను.

ముందు అసలు సంగతి. మేము చేస్తున్న పరిశోధన కూర్చుని పనిచేసే ఆడవాళ్ల మీద. పొద్దస్తమానం నేల మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లలో, సన్నగా ఉన్నవాళ్లకు కూడా రక్తంలో కొవ్వులూ చక్కెరా ఎందుకు పెరుగుతున్నాయి, రోజూ కాసేపు చెమట పట్టేలా నడిస్తే అవి ఎంతవరకు దిగుతాయి అన్నది మా ప్రశ్న. ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో కొందరిని ఎంచుకుని, నడక మొదలుపెట్టక ముందు పరగడుపున రక్తం తీయించాం. అందులో ఒక గొట్టం మీద రాజవ్వ అన్న పేరుంది. (ఈ కథనంలో మనుషుల పేర్లన్నీ నేను మార్చినవే.) ఆ రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎంతుందో చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. తిండి వల్లో, కూర్చోవడం వల్లో అంత రాదు. అది పుట్టుకతో వచ్చేది. కొందరి కాలేయం రక్తంలోంచి ఆ కొవ్వును సరిగ్గా లాక్కోలేదు. అలాంటివాళ్లకు ముప్పై, నలభై ఏళ్లకే గుండెపోటు రావచ్చు. మందు వేసుకుంటే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఆ మందు కూడా మామూలు మందుల షాపులో దొరికేదే.

వెంటనే రాజవ్వకు కబురు పెట్టి మళ్లీ రక్తం తీయించాం. ఈసారి శుభ్రంగా ఉంది! "మొదటిది ఏదో ల్యాబు పొరపాటు" అన్నారు మావాళ్లు. ఆ రోజు అదే మిషన్‌లో పెట్టిన మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. దాచిపెట్టిన మొదటి గొట్టాన్ని బయటికి తీసి మళ్లీ పరీక్షిస్తే మళ్లీ అదే అంకె వచ్చింది. అంటే ఆ రక్తం ఎవరో ఒకరిది. ఆ మనిషి తన ఒంట్లో ఏముందో తెలియకుండా ఎక్కడో కూర్చుని బీడీలు చుడుతోంది. లెక్కలోంచి తీసెయ్యమంటే నాకు ఒళ్లు మండింది. బ్యాగు సర్దుకున్నాను.

కామారెడ్డిలో చాయ్

మా పనికి అక్కడ సాయపడే అమ్మాయి సునంద బస్టాండులో ఎదురుచూస్తోంది. కామారెడ్డి పిల్ల, స్కూటీ మీద ఆ జిల్లాలో తిరగని ఊరు లేదు. మొదటిసారి రక్తాలు తీసినప్పుడు ఈమె లేదు, వేరే అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే "పేరు పిలిచాం మేడం, వచ్చినవాళ్లకు తీశాం" అంది. అంతకు మించి ఆ పిల్లను అడిగి లాభం లేదు.

పొద్దున్నే కాఫీ పడకపోతే నేను మనిషిని కాను. మాది తెనాలి. కానీ కామారెడ్డిలో కాఫీ అడిగితే పాపం అన్నట్టు చూశారు. సరే, చాయ్ చెప్పి, "చక్కెర తక్కువ వేయండి" అన్నాను. చాయ్ పోసే పెద్దాయన చెయ్యి ఆపాడు.

"షుగర్ ఉన్నదా అమ్మా?"

"లేదండీ."

"బీపీ?"

"అదీ లేదు."

"మరి మంచిగనే ఉన్నరు గద, తక్కువెందుకు?" అని మామూలుగానే పోశాడు. అక్కడ చక్కెర తగ్గించమంటే జబ్బు ఉందని ఒప్పుకున్నట్టే. మా తెనాలిలో అయితే ఎవరికి వాళ్లు షుగర్ లేకపోయినా ఉన్నట్టు కబుర్లు చెబుతూ నాలుగు కాఫీలు తాగుతారు. పది రూపాయల ఆ చాయ్ మాత్రం, నిజం చెప్పాలి, చాలా బాగుంది. రెండోది కూడా తాగాను. సునంద ముసిముసిగా నవ్వింది. కొలెస్ట్రాల్ మీద పరిశోధన చేసే మనిషి బెల్లం దుకాణం ముందు ఆగి అరకిలో కొన్నప్పుడు కూడా అలాగే నవ్వింది. కామారెడ్డి దాకా వచ్చి బెల్లం కొనకుండా వెళ్లడం నా వల్ల కాదు తల్లీ అన్నాను.

లింగంపేట దారిలో కోతులు

మర్నాడు సునంద స్కూటీ వద్దని బస్సే ఎక్కాను. నా నడుముకు స్కూటీలు పడవు. ఎల్లారెడ్డి దారిలో సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. డ్రైవరు వాటి మీదకు చక్రం పోనీయకుండా మెల్లగా నడుపుతున్నాడు, ఎవరూ విసుక్కోవడం లేదు. నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఎక్కడికి, ఎందుకు, పిల్లలెందరు, మీ ఆయన ఏం చేస్తడు అన్నీ అయ్యాక, నడక గురించి వచ్చానని చెబితే నవ్వింది.

"నడుసుడు గుడ సదువేనా బిడ్డా? నేను గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఎంత దూరం నడిసిన! గిప్పుడు కొడుకు బండి కొన్నడు. ఎటు పోవాలన్నా బండి మీదనే. ఇంట్ల కూసొని టీవీ సూస్తున్న. కాళ్లు మొద్దువారినయి, షుగర్ అచ్చింది."

మేము ఏళ్ల తరబడి లెక్కలు కడుతున్నది అదే. కదలడం మానేసిన కండ రక్తంలో చక్కెరనూ కొవ్వునూ అడగడం మానేస్తుంది. అవి అలా రక్తంలోనే తిరుగుతుంటాయి. అవ్వతో ఈ మాటే అంటే, "మల్ల నడుస్త తియ్యి" అంది, నన్ను సముదాయిస్తున్నట్టు.

లింగంపేట దగ్గర బస్సు ఆగింది. కాళ్లు సాగదీద్దామని కిందికి దిగాను. బ్యాగులోంచి కొవ్వు తక్కువని రాసి ఉండే ఖరీదైన బిస్కెట్లు తీశానో లేదో, కోతి ఒకటి వచ్చి పొట్లం లాక్కుపోయింది. అయ్యో అయ్యో అని నేను అరుస్తుంటే అది గోడెక్కి, ఒకటి కొరికి, మొహం చిట్లించి, మిగతావి కింద పారేసింది. బస్సంతా నవ్వు. అవ్వ కిటికీలోంచి, "ఏం బిస్కెట్లు బిడ్డా అవి, కోతి సుత తింటలేదు" అని తన సంచిలోంచి ఇంత సర్వపిండి తీసిచ్చింది. బియ్యప్పిండి, పల్లీలు, కారం వేసి గిన్నెకు అద్ది కాల్చిన ఆ రొట్టె కరకరలాడుతూ ఉంది. నేను దాన్ని ఎల్లారెడ్డి వచ్చేదాకా నములుతూనే ఉన్నాను.

రాజవ్వ ఇంటి ముందు

ఎల్లారెడ్డిలో బ్యాగు పడేసి, స్కూటీ మీద అప్పటికే వచ్చి ఉన్న సునందతో కలిసి మధ్యాహ్నానికి ముందే ఆ పల్లె చేరాను. మహమ్మద్‌నగర్ వైపు పోయే దారిలో ఉంటుంది. రాజవ్వ ఇంటి ముందు రేకుల నీడలో నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కత్తిరించిన ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి పడేస్తున్నారు. చూపు చేతుల మీద ఉండదు, నోరు ఆగదు.

రాజవ్వకు నలభై అయిదు ఉంటాయి. బొద్దుగా, గట్టి గొంతుతో ఉంటుంది. పక్కనే ఆమె యారాలు, అంటే తోటికోడలు, స్వరూప కూర్చుని ఉంది. ముప్పై దాటిన సన్నటి మనిషి. రాజవ్వను అక్కా అంటుంది.

"రా మేడం, కూసో. మల్ల సూదా?" అంది రాజవ్వ.

"సూది లేదు. ఒక మాట అడగాలని వచ్చాను. మొదటిసారి రక్తం ఇచ్చింది నువ్వేనా?"

"నా పేరే ఉన్నది గదా మేడం."

"పేరు సంగతి కాదు. ఎవరి చేతికి గుచ్చారు?"

"నా పేరు మీదనే ఇచ్చిన అంటున్న గదా! ఎన్నిసార్లు అడుగుతరు?"

సునంద నా మోచెయ్యి గిల్లింది, కాసేపు ఆగమని. ఆగాను. అంతలో అన్నం వేళయింది. స్వరూప లోపలికెళ్లి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చింది. మా వైపు చింతపండు పులుసంటే కాచాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపేసి అలాగే పోస్తారు. జొన్నరొట్టె అందులో ముంచుకుని తింటుంటే నా కోపం సగం దిగిపోయింది. ఈ తిండి తిని కొలెస్ట్రాల్ పెరిగిందంటే ఎవరు నమ్ముతారు? అక్కడ నూనె చుక్క కూడా లేదు.

తిన్నాక మళ్లీ పనిలో పడ్డారు. రాజవ్వ తన కట్టలు ఎంచుకుంటూ, స్వరూప చాటలోవి కూడా తన చాటలో పోసేసుకుంది.

"అవి ఆమెవి కదా?" అన్నాను.

"బీడీ కార్డు నాది మేడం. ఆమెకు కార్డు లేదు. ఇద్దరం చేస్తం, నా కార్డు మీద కార్ఖానాల ఇస్తం. గీ ఊళ్లె అందరు గట్లనే చేస్తరు, ఒకల పేరు మీద ఒకలు..."

అక్కడ ఆగిపోయింది. చేతులు కూడా ఆగిపోయాయి. నేను ఆమె వైపే చూస్తున్నాను, ఆమె మాత్రం తల ఎత్తలేదు.

నాకు మెల్లగా మాట్లాడటం రాదు. రాదని మా ఇంట్లో అందరూ అంటారు. సూటిగా చెప్పేశాను: "రాజవ్వా, నీ కార్డుతో నాకు పనిలేదు. నేను కార్ఖానా మనిషిని కాను, సర్కారు మనిషిని కాను. ఎవరితోనూ చెప్పను. కానీ మొదటిసారి ఇచ్చిన రక్తం ఎవరిదైతే ఉందో, ఆ మనిషికి ఏ రోజైనా గుండెపోటు రావచ్చు. మందు ఉంది. ఎవరిదో తెలిస్తే ఇవాళే మొదలుపెట్టొచ్చు. తెలియకపోతే నేను ఏమీ చెయ్యలేను. నువ్వు ఎంత దాస్తే ఆమెకు అంత ప్రమాదం."

రాజవ్వ చాట పక్కకు పెట్టింది.

"మా స్వరూపది మేడం" అంది. "ఆ పొద్దు నేను బీడీలు అప్పజెప్పేటిదుండె. కార్డు మనిషి పోకుంటే తీసుకోరు. నువ్వు పోయి నా పేరు చెప్పి ఇయ్యి అని నేనే అన్న. బీడీలు చేసినట్టే గదా అనుకున్న. గిప్పుడు చెప్తే కార్డు తీసేస్తరేమో, నాకచ్చే బీడీ పింఛను గుడ పోతదేమో అని బుగులైంది. అయ్యో, నా నోరు పడిపోను! రెండు నెలల సంది దాసిపెట్టిన మేడం, నా చేతులారంగ దీన్ని..." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

స్వరూప మాత్రం ఏడవలేదు. "నాకేమైంది? నేను మంచిగనే ఉన్న గద" అంది.

ఆమె చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. వేళ్ల కణుపుల మీద, పైవైపు, బటాణీ గింజంత గడ్డలు గట్టిగా తగిలాయి.

"అవి బీడీలు చేసి కాయలు కాసినయ్ మేడం. ఆర్‌ఎంపీ గదే అన్నడు, మలాం ఇచ్చిండు" అంది.

పక్కనున్న ముగ్గురినీ చేతులు చాపమన్నాను. వాళ్ల కాయలు బొటనవేలి చివర, చూపుడువేలి పక్కన ఉన్నాయి. ఆకు ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ. కణుపుల మీద ఒక్కరికీ లేవు. తర్వాత స్వరూపను కాళ్లు చాపమన్నాను. మడమ వెనక ఎముకకు అంటుకుని పైకి పోయే నరం, మనకు సన్నగా తాడులా తగిలేది, ఆమెకు లావుగా గడ్డకట్టి ఉంది. నేల మీద కూర్చుని కూర్చుని అలా అయిందని ఊరంతా అనుకుంటోంది. కూర్చుంటే కాయ చీలమండ పక్కన కాస్తుంది, వెనక కాయదు. రక్తంలో ఎక్కువైన కొవ్వే ఏళ్ల తరబడి అక్కడ చేరి గట్టిపడింది. గుండె రక్తనాళాల్లో కూడా అదే పేరుకుంటూ ఉంటుంది. ఈ మాటలు నేను ఆమెకు ఇంతే సూటిగా చెప్పాను, దాచి లాభమేంటి?

"నడిస్తే తగ్గదా? మీరు నడిపిస్తరట గద. నేను మస్తు నడుస్త మేడం, రెండు పూటలు నడుస్త."

నడక మీద పరిశోధన చేసే మనిషిని నేను. నడిస్తే చక్కెర దిగుతుంది, వేరే రకం కొవ్వు దిగుతుంది, పొట్ట తగ్గుతుంది, గుండెకు బలం వస్తుంది. ఈ మాట ఊరూరా చెబుతూ తిరుగుతున్నాను. "నడువమ్మా, తప్పకుండా నడువు, కానీ ముందు డాక్టరు చూసి సరేనన్నాక" అన్నాను. "అయితే నీకు ఇది నడకతో పోదు. జొన్నరొట్టెలతోనూ పోదు. రోజూ గోలి వేసుకోవాలి, బతికినన్నాళ్లూ."

"బతికినన్ని దినాలు బతకాలి గద, ఏసుకుంట" అంది. అంత తొందరగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. వాదించడానికి ఇంకా చాలా సరుకు పెట్టుకుని ఉన్నాను.

శుక్రవారం, ఎల్లారెడ్డి

పొద్దున్నే మైదానంలో నాలుగు చుట్లు తిరిగాను. నడిచేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఒకాయన ఆగి, "కొత్తగ అచ్చిందా మేడం?" అన్నాడు. ఏది అంటే, షుగర్ అట. ఊరికే నడిచే ఆడమనిషి ఉంటుందని ఆయనకు తోచలేదు.

లాడ్జికి వచ్చేసరికి స్వరూప, రాజవ్వ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పరగడుపున రమ్మని ముందు రోజే చెప్పాను, మొదటి బస్సుకే వచ్చారట. "మంచినీళ్లు తాగిన, గంతే" అంది స్వరూప, నేను అడగకముందే. తోడుగా రాజవ్వ కూడా పస్తు ఉంది. నీకెందుకు తల్లీ అంటే, "అది తినకుంటే నేనెట్ల తింట?" అని నా మీదే గయ్యిమంది.

సునంద రక్తం తీసి, గొట్టం మీద స్వరూప పేరు రాసింది. ఆ ఊరి డాక్టరుగారు శ్రద్ధగల మనిషి. గుండె పరీక్ష తీయించి, కణుపులు, మడమలు చూసి, పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయిందా అని అడిగారు. కడుపుతో ఉండగా ఈ మందు మామూలుగా ఇవ్వరు. అయిందని చెప్పాక, మొదటి గొట్టం ఫలితం చూసి గోలీలు రాసిచ్చారు. ఆమె పిల్లలకు కూడా రక్తం చూడాలని, ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుందని చెప్పారు. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నేను ల్యాబులో కళ్లజోడు తుడుచుకుని చూసిన అంకెకు దగ్గరగానే ఉంది. మనిషి దొరికిందని నాకు సంతోషం. ఆ అంకె నిజంగా ఆమెదేనని దిగులు. రెండూ ఒకేసారి పట్టుకున్నాయి.

ఫలితం వచ్చేదాకా ఏమీ ముట్టని ఇద్దరినీ హోటలుకు తీసుకెళ్లాను. రాజవ్వ రెండు ప్లేట్ల పూరీ తిని కాస్త నెమ్మదించింది. స్వరూప ఇడ్లీ ముందు పెట్టుకుని గోలీల పట్టీని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"మేడం, మా నాయిన పొలం కాడ పడిపోయిండు. నలభై గుడ నిండలే. గుండె ఆగింది అన్నరు, అంతే. ఆయన చేతులు గుడ గిట్లనే ఉండె. గడ్డపార పట్టి పట్టి గట్లయినయి అనుకున్నం."

"ఎప్పుడు?"

"నా పెండ్లి ముంగట. పదిహేనేండ్లయితది." గోలీల పట్టీ ఎత్తి చూపించింది. "గప్పుడు ఉండెనా గీ గోలి?"

అబద్ధం చెప్పొచ్చు. లేదమ్మా, ఈ మధ్యే వచ్చింది అంటే స్వరూపకు కాస్త ఊరట. నోటిదాకా వచ్చింది కూడా.

"ఉండేది" అన్నాను.

రాజవ్వ చేతిలోని ఆఖరి పూరీ ముక్క ప్లేటులో వదిలేసింది. స్వరూప కళ్లలో నీళ్లు తిరిగాయి, కిందికి మాత్రం జారలేదు. "ఎవ్వలు చెప్పలే మాకు" అంది. గోలీలు కొంగున ముడేసుకుని ఫోను తీసింది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, శీను, దుబాయిలో మేస్త్రీ పని. శుక్రవారం వాళ్లకు సెలవు. వీడియోలో పడక మీద లేచి కూర్చున్న కుర్రాడు కనిపించాడు, వెనకాల మూడంతస్తుల మంచాలు.

"అక్కా, ఏమైంది? అందరు మంచిగున్నరా?"

"నీ చేతులు సూపియ్యి" అంది స్వరూప.

"ఏందక్కా?"

"సూపియ్యమన్న గద! ఎనుకకు తిప్పు. ఆఁ. గిప్పుడు లేచి, ఫోను కింద పెట్టి మడిమలు సూపియ్యి. ఎనుకవైపు."

వాడు నవ్వుతూనే లేచాడు. పక్కనున్న వాళ్లెవరో ఏదో అని నవ్వారు. పైకప్పు, లుంగీ అంచు కదిలాక రెండు మడమలు తెర నిండా వచ్చాయి. స్వరూప ఆ మడమ వెనక లావుగా ఉన్నచోట తెర మీద బొటనవేలు ఆనించి, నా వైపు తిప్పింది.

"గిదే గద మేడం?"

"ఇదే."

ఫోను తన వైపు తిప్పుకుంది.

"శీనూ, నవ్వకు. రేపు పనికి పోకు. దవఖానకు పో, ఏం తినకుంట పో, రక్తం ఇయ్యి. ఏం చెప్పాలో గీ మేడం చెప్తది, రాసుకో. నాయిన పోయినట్టు నిన్ను పోనియ్యరా నేను."